పోరుమామిళ్ల చెఱువు: పనివారి నేర్పు

చెఱువు త్రవ్వించిన రాజు పేరు శాసనములందు కనబడును. మన్ను పఱచి దిమ్మిస కొట్టినవాని పేరు సాధారణముగా కనబడదు. అయినను పనివాని నేర్పును గుర్తించి రాతిపై చెక్కించిన శాసనమొకటి మన కడప సీమలోనే కలదు. అది పోరుమామిళ్ల శాసనము.

దాని కాలము శాలివాహన శకము 1291, అనగా క్రీస్తుశకము 1369. మొదటి బుక్కరాయల కుమారుడును, ఉదయగిరినుండి ఏలుచుండినవాడును అగు భాస్కర భవదూరుడు ఆ చెఱువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినట్లు అందే యున్నది.

మంచి చెఱువునకు పండ్రెండు అంగములును, ఆఱు దోషములును సంస్కృత శ్లోకములలో అచ్చట చెప్పబడినవి. ధర్మపరుడైన రాజు, జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు, గట్టి బంకనేల, తియ్యని నీటి యేఱు, కొండల నడుమ మిక్కిలి పొడవుకాని దృఢమైన కట్ట, తిన్నని పొడవైన రాళ్లు దొరకు గని, ఇట్లు సాగి, కడపట నిర్మాణకళయందు ఆరితేరిన పనివారి జట్టు పేర్కొనబడినది. కడపట చెప్పినంతమాత్రమున అది తక్కువదని తలపరాదు. తక్కిన పదునొకండును ఆ జట్టు చేతికి అందవలసినవే గదా!

దోషములను చూడుడు. చౌడునేల, రెండు రాజ్యముల పొలిమేర, చెఱువు నడుమ మెరక, నీరు కొంచెమై ఆయకట్టు విరివియగుట, నీరెక్కువై చోటు చాలకుండుట, ఈ యైదును పార పట్టకమున్నే కనిపెట్టదగినవి. కట్టనుండి నీరు కాఱుట యనునది మాత్రము, నా తలంపున, ముఖ్యముగా పనితనమునుబట్టి వచ్చునది.

అదెట్లనిన, మట్టిని పలుచని వరుసలుగా పఱచి, తగుమాత్రము తడిపి, పశువులచే త్రొక్కించి, దిమ్మిస కొట్టినగాని గడ్డల నడుమ సందులు పూడవు. రాతికట్టడమును మట్టియు కలియు తూముచెంత మఱింత జాగ్రత్త వలయును. అచ్చట సన్నగా పాఱిన నీరు మట్టిరేణువులను తనతో కొనిపోవును, బుంగ పెరుగును, తుదకు గండి పడును. స్వచ్ఛమైన ఊటకంటె బురదగా వచ్చు ఊట ప్రమాదకరమని ముసలి వడ్డెలు చెప్పుట నేను వింటిని.

మా యూర నొకప్పుడు కట్ట బాగుచేయుటకు వచ్చిన గుత్తదారు పొడిగడ్డలనే బండ్లతో కుమ్మరించి ఎత్తు చూపెను. కొలత ఎత్తునకే గాని గట్టిదనమునకు లేదు, సొమ్ము ముట్టినది. ఒక వృద్ధ వడ్డె వలదనెను, వినినవారు లేరు. రెండవ వానకాలమున తూముప్రక్కనే గండిపడి, నాట్లువేసిన మళ్లు ఇసుకమేటలైనవి. ఆ యేడు నా బడిపిల్లలలో పలువురు తల్లిదండ్రులవెంట వలసపోయిరి.

పూర్వము రాయలసీమలో దశబంధమాన్యము లుండెడివి. చెఱువు కట్టినవానికో, బాగుచేయువానికో భూమి ఇచ్చెడివారు. అట్టి మాన్యము చెఱువు నీటితో పండునదైనప్పుడు కట్ట తెగినచో మొదట మునుగునది వాని చేనే. పని ముగిసిన పిమ్మట రెండు మూడు వానకాలములు గడచువఱకు కొంత సొమ్ము నిలిపియుంచుట గ్రామపెద్దలు అడుగదగిన కోరిక.

పోరుమామిళ్ల చెఱువున ప్రకృతి కొండలే కట్టలో అధికభాగమై, వాని నడుమ సందులకు మాత్రమే మట్టికట్టలు వేసి, కడపరాతితో ముఖము కప్పిరి. మనుష్యులు కట్టవలసిన భాగము తగ్గించుటయు నేర్పులోనిదే.