కాపలా లేని ఓడలు

ఏప్రిల్ సాయంత్రం. ఖరగ్‌పూర్‌లో బండి దిగారు మీరు. ప్లాట్‌ఫారం 1,072 మీటర్ల పొడవు. 2013లో గోరఖ్‌పూర్ దాటిపోయేదాకా ప్రపంచంలో ఇంత పొడవైనది మరొకటి లేదు. ఈ చివర పుచ్చుకున్న టీ ఆ చివరికి నడిచేలోగా అయిపోతుంది. దారిపొడవునా బెంగాలీ, హిందీ, ఒడియా చెవిన పడతాయి. వాటి మధ్యలో ఉన్నట్టుండి, "ఏటీ, ఇప్పుడొచ్చినావేటి?" అన్న మాట. శ్రీకాకుళంలోనో టెక్కలిలోనో దిగినట్టుంటుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ వర్క్‌షాపూ కట్టిన నాటి నుంచి మనవాళ్ళు ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. కలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా చేరి, క్వార్టర్లలో పిల్లల్ని పెంచి, వేపచెట్ల కింద అమ్మవారిని నిలిపి, మాతాపూజకి ఘటాలెత్తుకుని నాలుగు తరాలు గడిపారు. రైల్వే ఊరిగా ఖరగ్‌పూర్ కథ మీకు తెలిసే ఉంటుంది. నేను మిమ్మల్ని ఈ పూట తీసుకెళ్ళేది ఈ ఊరికి సముద్రంతో ఉన్న బంధం దగ్గరికి.

నిమ్‌పురాకి రిక్షా కట్టించుకుందాం. యార్డులో షంటింగు చప్పుడు వినిపించేంత దగ్గరలో ఒక పాత ఇల్లు. ఇంటాయన వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎనభై దాటాయి. పేరు రాయొద్దన్నాడు. మనవణ్ణి పిలిచి అటక మీది రేకు పెట్టె దింపించాడు. పాత బట్టల అడుగున గుడ్డలో చుట్టిన చిన్న పుస్తకం. నల్ల అట్ట, చెమ్మకి అంచులు ఉబ్బిపోయాయి. లోపల గళ్ళు గీసి ఉన్నాయి: ఓడ పేరు, చేసిన పని, ఎక్కిన తేదీ, దిగిన తేదీ, నడవడి. ఒక్కో వరస ఒక్కో సిరాతో, ఒక్కో చేతిరాతతో ఉంది. నడవడి గడిలో గుండ్రటి ముద్ర. కొన్ని చోట్ల ఓడ పేరు అలుక్కుపోయి నీలిమరక మాత్రం మిగిలింది.

"మా అయ్యది బాబూ. ఓడ మీద కలాసీ. యుద్ధం అయ్యాక ఇక్కడికొచ్చి మళ్ళీ కలాసీగానే సేరినాడు. ఈ పుస్తకం ఎవులికీ సూపించీవోడు కాడు."

"సముద్రం మాటలు చెప్పేవాడా తాతా?"

"నేదు బాబూ. సెప్పింది మా అమ్మ. ఎనిమిది నెల్లు ఉత్తరం నేదట. ఓడ మునిగిపోనాదని ఊళ్ళో ఎవులో సెప్పినారట. బొట్టు తీసీమన్నారట పెద్దలు. నాను తియ్యను, కాయితం ఒస్తే అప్పుడు సూద్దాం అందట."

ఆ మాట చెప్పి ఆయన పుస్తకాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. మనవడు పెట్టె మూత పట్టుకుని నిలబడ్డాడు గానీ ఆయన వెంటనే అందులో పెట్టలేదు. కాసేపు ఒళ్ళో ఉంచుకున్నాడు.

ఆ ఎనిమిది నెలలూ ఆ తల్లి దేనికి భయపడిందో తెలియాలంటే మీరు 1942 ఏప్రిల్‌కి రావాలి. మార్చి 8న రంగం (రంగూన్) జపాను వశమైంది. అక్కడి నుంచి తప్పించుకున్న ఓడలూ, అంతకుముందే ఉన్నవీ కలిసి కలకత్తా రేవు కిక్కిరిసిపోయింది. ఒక్క దాడి జరిగితే అన్నీ ఒకేచోట తగలబడతాయని అధికారుల భయం. ఖాళీ చెయ్యండి, దక్షిణానికి పొండి అన్నారు. ఓడలు హుగ్లీ దిగి, చిన్న చిన్న జట్లుగా తీరం వెంబడి బయల్దేరాయి. వెంట యుద్ధనౌక లేదు. బ్రిటిషు తూర్పు నౌకాదళం అప్పటికే సింహళం చుట్టూ జపాను విమానవాహక నౌకలతో తలపడే పనిలో ఉంది. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద బాంబులు పడ్డాయి. ఆంగ్లో-ఇండియన్ డ్రైవర్లూ గార్డులూ నిండుగా ఉన్న ఖరగ్‌పూర్‌కి ఆ రోజు పెద్ద పండుగ.

తెల్లవారితే సోమవారం, ఏప్రిల్ 6. మీరిప్పుడు ఒక సరుకుల ఓడ డెక్కు మీద ఉన్నారు. ఎడమవైపు సముద్రం, కుడివైపు ఎక్కడో మన తీరం. కలాసీల పెద్ద అయిన సరంగు పొద్దుటి పనులు పంచుతున్నాడు. అతని కింది టిండేలు గొంతెత్తి ఎవరినో పిలుస్తున్నాడు. కింద బాయిలర్ల దగ్గర ఆగ్‌వాలాలు బొగ్గు ఎగదోస్తున్నారు. వాళ్ళకి ఆకాశం కనబడదు. పైనుంచి పడ్డది బాంబో, పక్కనుంచి తగిలింది గుండో వాళ్ళకి చప్పుడుతోనే తెలియాలి, నిచ్చెన అందేలోగా తెలియాలి.

బంగాళాఖాతంలోకి వచ్చినవాడు వైస్ అడ్మిరల్ జిసబురో ఒజావా. ర్యూజో అనే విమానవాహక నౌక, క్రూజర్లు, డిస్ట్రాయర్లు వెంట తెచ్చుకున్నాడు. బలగాన్ని మూడు దళాలుగా విడదీసి ఒడిశా తీరం నుంచి కిందికి వల వేశాడు. ఎదురు కాల్చే తుపాకీ సరిగా లేని వ్యాపార ఓడల మీద క్రూజర్లు దగ్గరకొచ్చి గుళ్ళు కురిపించాయి. ఆ రోజుల్లో మునిగిన ఓడల పేర్లు చదవండి: మాల్దా, ఇందోరా, గండారా, డార్డానస్, ఆటోలికస్, గ్యాంజెస్. మాల్దా అన్నది బెంగాల్లో జిల్లా పేరు, గ్యాంజెస్ అంటే మన గంగ. ఇంగ్లీషు ఓడలతో పాటు నార్వే, అమెరికా, డచ్చి ఓడలూ పోయాయి. కొద్ది రోజుల్లోనే 20కి పైగా ఓడలు, లక్ష టన్నులకి పైగా అడుగంటాయి. అదే ఏప్రిల్ 6న ర్యూజో విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ నాటి బాంబు తొడుగు ఒకటి విశాఖ బీచ్ రోడ్డులోని మ్యూజియంలో ఉంది. విశాఖ మీద పడ్డ బాంబుల సంగతి మన ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే రోజు అదే తీరానికి ఎదురుగా మునిగిన ఓడల సంగతి చెప్పేవాళ్ళు అరుదు. నాకు బాధ కలిగించేది ఇదే.

బతికినవాళ్ళు తెప్పల మీదా పడవల మీదా ఒడిశా ఒడ్డుకి చేరారు. కటక్ నుంచి కలకత్తాకి రైలు దారి ఖరగ్‌పూర్ మీదుగానే.

ఇప్పుడు ఇదే ప్లాట్‌ఫారం మీద, ఆ వారంలో నిలబడండి. దీపాలకి నల్ల ముసుగులు. ఉత్తరం నుంచి వచ్చే బళ్ళలో రంగం కాందిశీకులు. అడవులు దాటి కాలినడకన వచ్చినవాళ్ళు, మలేరియాతో వణుకుతున్నవాళ్ళు, నెత్తిన మూట తప్ప మరేమీ మిగలనివాళ్ళు. వాళ్ళలో ఎందరో మన తెలుగు కూలీలు, రంగం రేవులో సరుకు మోసినవాళ్ళు. దక్షిణం నుంచి వచ్చే బళ్ళలో విశాఖ ఖాళీ చేసి బయటపడ్డ కుటుంబాలు. ఒకరికొకరు ఎదురై, మా ఊరు ఎలా ఉంది అని అడుగుతారు. రెండు వైపులా జవాబు ఒకటే.

ఓడల రాకపోకలు నిలిచాయి. అంతవరకూ కలకత్తా నుంచి ఓడల్లో దక్షిణానికీ పడమటికీ వెళ్ళే బొగ్గు రైళ్ళ నెత్తిన పడింది. సముద్రం మోసే బరువుని ఇనప పట్టాలు మోయాల్సి వచ్చింది. షెడ్డులో ఇంజను చల్లారే వీల్లేదు. డ్యూటీకి వెళ్ళిన ఫైర్‌మన్ ఎప్పుడొస్తాడో ఇంట్లోవాళ్ళకి తెలియదు. ఓడ మీద కలాసీ భార్య టెక్కలి దగ్గర పల్లెలో ఉత్తరం కోసం చూసింది, రైల్వే కలాసీ భార్య క్వార్టరు గుమ్మంలో నిలబడి చూసింది. నిమ్‌పురా ఇంటి ఆ తల్లి తర్వాతి రోజుల్లో రెండూ చేసింది.

ఏప్రిల్‌లో జరిగిన ఆ ఓడల నష్టం తర్వాత, ఓడల్ని గుంపుగా, కాపలాతో నడిపే పద్ధతి ఈ సముద్రంలోనూ వచ్చింది. కొలంబో, కలకత్తాల మధ్య కాన్వాయ్‌లు తిరిగాయి. వాటికి కాపు కాసిన రాయల్ ఇండియన్ నేవీ యుద్ధం మొదలైనప్పుడు రెండు వేల మంది కూడా లేని చిన్న దళం. యుద్ధం ముగిసేసరికి 30 వేల దరిదాపులకి చేరింది. అందులో ఒక నౌక పేరు గోదావరి, ఇంకొకదాని పేరు కృష్ణ, రికార్డుల్లో 'కిస్ట్నా' అని రాశారు. 1944 ఆగస్టు 12న సేషెల్స్ దగ్గర జర్మనీ జలాంతర్గామి యు-198ని ముంచడంలో గోదావరిది సగం చెయ్యి. రాజమండ్రి గట్టు మీద ఎన్నో పుష్కరాలు చూసినవాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

ఇంకొకటి బెంగాల్. ఇది నౌక పేరే, చాలా చిన్నది. 1942 నవంబరు 11న కోకోస్ దీవులకి అల్లంత దూరాన ఒండినా అనే డచ్చి చమురు ఓడకి తోడుగా వెళ్తోంది. కాన్వాయ్ అంటే ఆ రెండే. పదేసి వేల టన్నుల జపాను దాడి ఓడలు రెండు ఎదురొచ్చాయి. బెంగాల్‌కి చెప్పుకోదగ్గ ఫిరంగి ఒక్కటే. బెంగాల్‌ని నడిపే లెఫ్టినెంట్ కమాండర్ విల్సన్ తన నౌకని వెనక్కి తిప్పలేదు. చమురు ఓడ జారుకోవడానికి వీలుగా నేరుగా శత్రువు మీదికి నడిపాడు. బెంగాల్, ఒండినాల గుళ్ళలో ఒకటి జపాను ఓడల్లో ఒకటైన హోకోకు మారు మీద తగిలి, ఆ ఓడ పేలి మునిగింది. ఒండినా కెప్టెన్ హోర్స్‌మన్ చనిపోయాడు. చిల్లులు పడ్డ బెంగాల్, ఒండినా మాత్రం వేర్వేరు రేవులకి చేరాయి. బెంగాల్ సిబ్బందిలో అత్యధికులు భారతీయులు. ఈ రాష్ట్రం పేరు మోసిన నౌక కథ ఈ రాష్ట్రంలోని ప్రతి బడి పిల్లవాడికీ తెలిసి ఉండాలని నేననుకుంటాను.

నౌకాదళం వాళ్ళకి యూనిఫారం ఉంది, డిసెంబరు 4న నేవీ డే ఉంది, విశాఖ బీచ్‌లో 1971 యుద్ధ స్మారకం ఉంది. వ్యాపార ఓడల కలాసీకి అవేవీ లేవు. యుద్ధారంభంలో బ్రిటిషు ఓడల మీద పనిచేసేవాళ్ళలో నాలుగో వంతు, సుమారు 50 వేల మంది, ఈ ఉపఖండం వాళ్ళు. తెల్ల నావికుడికి ఇచ్చేదానిలో నాలుగో వంతైనా వాళ్ళకి ముట్టేది కాదు. 1939లో సమ్మెలు కట్టాక గానీ జీతం కదల్లేదు. ఆ యుద్ధంలో మనవాళ్ళు 6 వేల మందికి పైగా సముద్రంలో పోయారు. ఆ పేర్లు పుస్తకాల్లో ఎక్కాయి, ఒకటి చిట్టగాంగ్‌లో, ఒకటి బొంబాయి నావికుల గృహంలో. రాతి మీద కాదు, పుస్తకంలో. చూడాలనుకున్న మనవడు అడిగి తీయించుకోవాలి.

ఖరగ్‌పూర్‌కి దగ్గరలో ఉన్న గుర్తు ఒకటే. పొద్దున్నే లోకల్ పట్టుకుంటే రెండున్నర గంటల్లో హౌరా. అక్కడి నుంచి హుగ్లీ అవతలి ఒడ్డున ప్రిన్సెప్ ఘాట్ దాటి, హేస్టింగ్స్ వైపు నడవండి. చెట్ల మీంచి పైకి లేచిన ఎత్తైన స్తంభం కనబడుతుంది. అది లస్కర్ స్మారకం, అంటే ఓడ కలాసీల స్మారకం. నూరడుగుల దాకా ఉంటుంది. నాలుగు పక్కలా పాతకాలపు ఓడ ముక్కులు పొడుచుకొచ్చి ఉన్నాయి. 1924లో లార్డ్ లిట్టన్ ఆవిష్కరించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన బెంగాల్, అస్సాం నావికులు 896 మంది కోసం కట్టింది. దగ్గరికి వెళ్ళి స్తంభం మీద చెయ్యి వేయండి. పగటి ఎండకి రాయి కాలుతూ ఉంటుంది. మీకు ఎదురుగా ఉన్నది మొదటి యుద్ధం. రెండో యుద్ధంలో పోయినవాళ్ళకి, 1942 ఏప్రిల్లో ఇదే నది దిగి వెళ్ళి తిరిగి రానివాళ్ళకి ఇక్కడ ఒక్క పలకా లేదు.

ఆ పలక ఉండాలి. ఎందుకంటే వాళ్ళు బయల్దేరింది ఈ నది మీంచే.

ఏప్రిల్ 5ని మన దేశం నౌకాయాన దినంగా జరుపుకుంటుంది. 1919లో లాయల్టీ అనే భారతీయ ఓడ బొంబాయి నుంచి లండన్‌కి బయల్దేరిన రోజది. ఆ మర్నాడు, ఏప్రిల్ 6న, ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు ఒక గంట కేటాయించాలని నా విన్నపం. సభలు, శాలువాలు అక్కర్లేదు. ఆరోజు మునిగిన ఓడల పేర్లు పెద్దగా చదివితే చాలు. మాతాపూజకి అందరినీ కదిలించగలిగిన ఊరికి ఇది భారం కాదు. నిమ్‌పురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్, ఏ క్వార్టర్లోనైనా అటక మీద ఇలాంటి నల్ల అట్ట పుస్తకం ఉండి ఉంటే, దాన్ని దించి ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. చెమ్మ ఇంకో పదేళ్ళు ఆగదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే, చెప్పిన మాట చెప్పినట్టు రాసుకోండి. ముఖ్యంగా ఆడవాళ్ళ మాట. ఓడ మీదున్నవాడికి ముద్ర వేసిన వరస ఒకటుంది, ఇంట్లో ఎదురుచూసినవాళ్ళకి ఏ పుస్తకంలోనూ గడి లేదు.

మీ ఇంట్లోంచి ఎవరైనా వెళ్ళి తిరిగి రాకపోయి ఉంటే, కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాని ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతకవచ్చు. రుసుము లేదు. పేరు ఇంగ్లీషులో నాలుగు రకాల స్పెల్లింగులతో కొట్టి చూడండి, గుమాస్తాలు విన్నట్టు రాశారు.