రిజిస్ట్రేషన్ అయిపోతే ఇల్లు మీదైనట్టేనా? టోకెన్ ఇచ్చే ముందే చూసుకోవాల్సినవి ఇవీ

ఫ్లాట్ నచ్చింది. ధర కుదిరింది. ఇవాళ టోకెన్ ఇవ్వకపోతే రేపు వేరేవాళ్లు తీసేసుకుంటారని మధ్యవర్తి తొందరపెడుతున్నారు. కాగితాల గురించి అడిగితే ఒకటే సమాధానం: "రిజిస్ట్రేషన్ అవుతుందండీ, ఇంకేం కావాలి?"

ఇంకా చాలా కావాలి. రిజిస్ట్రేషన్ జరిగిందంటే, ఫలానా వ్యక్తి ఫలానా ఆస్తిని మీకు రాసిచ్చారన్న విషయం ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కిందని అర్థం. అంతేకానీ, ఆ వ్యక్తికి అమ్మే హక్కు ఉందని ప్రభుత్వం మీకు హామీ ఇచ్చినట్టు కాదు. 2024లో హైదరాబాద్ చెరువుల పరిధిలోని కట్టడాలను హైడ్రా కూల్చినప్పుడు, రిజిస్ట్రేషన్ పత్రాలు చేతిలో పట్టుకుని మరి మాకు రిజిస్ట్రేషన్ ఎలా చేశారని అడిగిన కొనుగోలుదారులను టీవీల్లో చూశాం. ఆ ప్రశ్న కొన్నాక కాదు, కొనేముందే వేసుకోవాలి.

సబ్‌రిజిస్ట్రార్ ఏం చూస్తారు? ఏం చూడరు?

రాసిచ్చేవారు, రాయించుకునేవారు వాళ్లేనా, సంతకాలు, వేలిముద్రలు సరిపోయాయా, మార్కెట్ విలువ ప్రకారం స్టాంప్ డ్యూటీ కట్టారా, ఆ ఆస్తి నిషేధిత జాబితాలో ఉందా... స్థూలంగా సబ్‌రిజిస్ట్రార్ చూసేవి ఇవే. అమ్మేవారికి నిజంగా హక్కు ఉందా లేదా అన్నది తేల్చడం వారి పని కాదు. అమ్మేవారు తమ హక్కును రుజువు చేసే పత్రాలు చూపకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చన్న తమిళనాడు నిబంధనను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది కూడా. రిజిస్ట్రేషన్ చట్టం ఆ అధికారాన్ని ఇవ్వలేదని స్పష్టం చేసింది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే: తనకు లేని హక్కును ఎవరూ మరొకరికి ఇవ్వలేరు. అమ్మినవారిది సగం వాటా అయితే, దస్తావేజులో మొత్తం ఇల్లు అని రాసినా మీకు వచ్చేది ఆ సగమే. ఆ సంగతి చూసుకోవాల్సిన బాధ్యత కొనేవారిదే.

ఈసీ ఒక్కటే చూస్తే సరిపోతుందా?

సరిపోదు. ఈసీలో ఆ ఆస్తిపై రిజిస్టర్ అయిన లావాదేవీలు ఉంటాయి. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు. కనీసం 30 ఏళ్లకు తీయండి. ఆన్‌లైన్‌లో సాధారణంగా 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. దస్తావేజు నంబరుతో ఒకసారి, ఇంటి నంబరు లేదా సర్వే నంబరు, ప్లాట్ నంబరుతో మరోసారి వెతకండి. నంబరు ఎక్కించడంలో తేడా ఉంటే ఒక దాంట్లో కనిపించనిది ఇంకో దాంట్లో బయటపడుతుంది.

అయితే ఈసీలో కనిపించనివి చాలానే ఉంటాయి. రిజిస్టర్ చేయని అగ్రిమెంట్లు, రిజిస్టర్ కాని వీలునామాలు, నోటిమాటగా జరిగిన పంపకాలు, బకాయి పడ్డ ఇంటిపన్ను అందులో ఉండవు. కోర్టులో నడుస్తున్న కేసు కూడా కనిపించకపోవచ్చు. ఆస్తిపై దావా నడుస్తుండగా కొంటే, ఆ కేసులో వచ్చే తీర్పుకు మీరూ కట్టుబడాల్సిందే.

అసలు పత్రాలను బ్యాంకులో పెట్టి అప్పు తీసుకున్న సందర్భాల్లోనూ ఆ వివరం ఈసీలోకి ఎక్కకపోయే అవకాశం ఉంది. అందుకే బ్యాంకు తనఖాలను నమోదు చేసే సెర్సాయ్ వెబ్‌సైట్‌లో కూడా వెతకండి. అమ్మేవారు జిరాక్స్‌లు మాత్రమే చూపించి ఒరిజినల్స్ ఊళ్లో ఉన్నాయనో, పోయాయనో అంటే అక్కడే ఆగండి. నిజంగా పోయి ఉంటే పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, సబ్‌రిజిస్ట్రార్ ఇచ్చే సర్టిఫైడ్ కాపీ ఉండాలి.

దీంతో పాటు నిషేధిత ఆస్తుల జాబితా చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూముల వంటివి ఇందులో ఉంటాయి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాలపై 1977 నుంచే ప్రత్యేక నిషేధ చట్టం ఉంది. తక్కువ ధరకు వస్తోందని అలాంటి భూమిని కొంటే డబ్బూ, భూమీ రెండూ పోయే ప్రమాదం ఉంది.

లింక్ డాక్యుమెంట్లలో ఎవరి సంతకాలు ఉండాలి?

ఆస్తి ఒకరి నుంచి మరొకరికి ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజులే లింక్ డాక్యుమెంట్లు. వాటిని వరుసగా పేర్చి చదవండి. మధ్యలో ఒక్క మెట్టు లేకపోయినా కారణం అడగాలి. ముఖ్యంగా మూడు చోట్ల జాగ్రత్త.

మొదటిది, ఆడపిల్లల వాటా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కుమార్తెలకు పిత్రార్జిత ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005 సవరణతో దేశమంతటా కుమార్తెలందరికీ ఆ హక్కు దక్కింది. 2005 నాటికి తండ్రి జీవించి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా పూర్తయిన పంపకాలను మాత్రం తిరగదోడరు. అన్నదమ్ములు మాత్రమే సంతకం పెట్టి అమ్మిన ఇల్లయితే అక్కచెల్లెళ్లు ఉన్నారా, వారి వాటా ఏమైందని అడగండి. కట్నం ఇచ్చి పంపేశాం అన్న మాట చట్టం ముందు సమాధానం కాదు.

రెండోది, మైనర్ల ఆస్తి. హిందూ మైనర్ పేరిట ఉన్న ఇంటిని, స్థలాన్ని తల్లిదండ్రులైనా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. అలా అమ్మితే ఆ పిల్లలు మేజర్లయ్యాక 3 ఏళ్లలోపు ఆ అమ్మకాన్ని కోర్టులో సవాలు చేయవచ్చు.

మూడోది, జీపీఏ. యజమాని తరఫున జీపీఏ ఉన్న వ్యక్తి అమ్ముతుంటే యజమానితో మీరే నేరుగా మాట్లాడండి. ఇప్పుడంతా వీడియో కాల్ రోజులే కదా. యజమాని చనిపోతే సాధారణంగా జీపీఏ చెల్లదు. విదేశాల్లో ఉన్నవారు అక్కడి నుంచి పంపిన జీపీఏ అయితే, అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంప్ డ్యూటీ చెల్లించారో లేదో చూడాలి.

బిల్డర్ దగ్గర కొంటుంటే?

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8కి మించినా ఆ ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రెరా నంబరు బ్రోషర్‌లో ఉంటే చాలదు, రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా బిల్డర్ 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. మీ దగ్గర వసూలు చేసిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఇల్లు అప్పగించాక 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే సొంత ఖర్చుతో బాగుచేయాల్సింది కూడా బిల్డరే.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కొనేవారు ఇంకో విషయం అడగాలి. అనుమతి నిబంధనల ప్రకారం బిల్డర్లు నిర్మాణంలో 10 శాతం భాగాన్ని కార్పొరేషన్‌కు తనఖా పెడతారు. ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. మీకు చూపిస్తున్న ఫ్లాట్ ఆ 10 శాతంలో ఉందేమో కనుక్కోండి. చెరువు దగ్గరలో ఉంటే పూర్తి నీటిమట్టం, బఫర్ జోన్ హద్దుల మ్యాపు చూడకుండా ముందుకు వెళ్లొద్దు.

ఇంట్లో అద్దెకు ఉన్నవాళ్లుంటే?

పాత ఇల్లు కొనేటప్పుడు చాలామంది పట్టించుకోని విషయం ఇది. ఇంట్లో ఎవరైనా నివసిస్తుంటే, వారికి ఆ ఇంటిపై ఉన్న హక్కు ఏమిటో మీకు తెలిసే కొన్నారని చట్టం భావిస్తుంది. తర్వాత తెలియదంటే కుదరదు. కాబట్టి వెళ్లి తలుపు తట్టండి. మీరు ఎవరు, ఎన్నాళ్లుగా ఉంటున్నారు, అద్దె ఎవరికి ఇస్తున్నారు, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు అని అడగండి. అద్దె కాకుండా కొనుగోలు అగ్రిమెంట్ మీద ఉంటున్నాం అన్న జవాబు కూడా రావచ్చు.

యజమాని మారినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దు కాదు. పాత యజమాని స్థానంలోకి మీరు వస్తారు. ఇల్లు ఖాళీగానే కావాలనుకుంటే, ఖాళీ చేయించి తాళాలు అప్పగించాకే మిగతా సొమ్ము ఇస్తామని అగ్రిమెంట్‌లో రాయించండి. మీరే అక్కడ అద్దెకు ఉంటున్నవారైతే ఇల్లు అమ్మేశారని ఆందోళన పడనక్కర్లేదు. మీరిచ్చిన అడ్వాన్స్ ఎవరు తిరిగివ్వాలో ఇద్దరితోనూ రాతపూర్వకంగా తేల్చుకోండి.

నోటరీ అగ్రిమెంట్ మీద కొనవచ్చా?

కొన్నట్టు కాదు. 100 రూపాయలు, అంతకు మించి విలువైన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజు ద్వారానే జరగాలని ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. సేల్ అగ్రిమెంట్, జీపీఏ, వీలునామా మూడూ కలిపి ఇచ్చినా యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. నోటరీ ముద్ర ఉన్న స్టాంపు కాగితం మీద లక్షలు పోస్తే, చేతిలో మిగిలేది ఆస్తి కాదు, ఒక ఒప్పందం మాత్రమే. అవతలివారు మాట తప్పితే దాని అమలు కోసం 3 ఏళ్లలోపు కోర్టుకు వెళ్లాలి.

అగ్రిమెంట్‌లో ఏం రాయించుకోవాలి?

మొత్తం ధర, ఇచ్చిన అడ్వాన్స్, మిగతా చెల్లించే తేదీ, ఎవరు వెనక్కి తగ్గితే ఏమవుతుంది అన్నవి అందరూ రాస్తారు. వాటితో పాటు బ్యాంకు లోన్ రాకపోయినా, కాగితాల్లో లోపం తేలినా అడ్వాన్స్ పూర్తిగా తిరిగివ్వాలన్న షరతు తప్పక పెట్టించండి. అమ్మే రోజు వరకు పన్ను, కరెంటు, మెయింటెనెన్స్ బకాయిలు అమ్మేవారివే అని రాయించండి.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఇల్లు, ఫ్లాట్ అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. మీ వైపు నష్టం ఇంకోలా ఉంటుంది. బేరం చెడితే కాగితం మీద లేని సొమ్మును వెనక్కి రాబట్టుకోవడం చాలా కష్టం.

ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములో 1 శాతం టీడీఎస్ మినహాయించి ప్రభుత్వానికి కట్టాల్సింది కొనేవారే. మినహాయించిన నెల ముగిశాక 30 రోజుల్లోగా కట్టాలి. అమ్మేవారు ప్రవాస భారతీయులైతే ఈ లెక్క వర్తించదు. ధర 50 లక్షలలోపు ఉన్నా ఎక్కువ రేటు పడుతుంది. ఆ సందర్భంలో ముందే ఆడిటర్‌ను కలవండి.

రిజిస్ట్రేషన్ రోజు, ఆ తర్వాత...

స్టాంప్ డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి అమ్మకాలకు రెండు రాష్ట్రాల్లోనూ సాధారణంగా 7.5 శాతం అవుతుంది. తెలంగాణలో 5.5, 1.5, 0.5 శాతం, ఏపీలో 5, 1.5, 1 శాతం చొప్పున. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మార్కెట్ విలువ, చెల్లించాల్సిన మొత్తం ముందే లెక్క చూసుకోండి. ఇల్లు కోసం పోగేసిన డబ్బులో ఈ ఖర్చును మరిచిపోయి చివర్లో అప్పుకు పరుగెత్తేవారు తక్కువేం కాదు.

సంతకాలు పెట్టేముందు దస్తావేజు ముసాయిదాను ఇంట్లో కూర్చుని చదవండి. పేర్లు, హద్దులు, విస్తీర్ణం, ఫ్లాట్‌తో వచ్చే స్థలవాటా పాత దస్తావేజుతో సరిపోవాలి. సంతకాలైన నాటి నుంచి 4 నెలల్లోగా దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు సమర్పించాలి. ఒరిజినల్ లింక్ డాక్యుమెంట్లు, తాళాలు ఆ రోజే తీసుకోండి.

కొన్నాళ్లాగి కొత్త ఈసీ తీసి, అందులో మీ పేరు వచ్చిందో లేదో చూడండి. ఇంటిపన్ను రికార్డులో పేరు మార్పు, అంటే మ్యుటేషన్, చాలాచోట్ల రిజిస్ట్రేషన్‌తోనే జరిగిపోతోంది. అయినా ఒకసారి సరిచూసుకుని కరెంటు, నీటి కనెక్షన్ల పేరు కూడా మార్పించుకోండి. మ్యుటేషన్ పన్ను వసూలు కోసమే. హక్కును ఇచ్చేది అది కాదు.

బ్యాంకు లోన్ ఇచ్చింది కదా, కాగితాలు బాగున్నట్టేగా?

బ్యాంకు న్యాయవాది చూసేది బ్యాంకు అప్పు సంగతి. మీ జీవితకాల పొదుపు సంగతి చూసేందుకు మీ తరఫున ఒకరు ఉండాలి. అమ్మేవారో, మధ్యవర్తో పంపిన లాయర్ కాకుండా, మీరు ఎంచుకున్న న్యాయవాదికి పత్రాల జిరాక్స్‌లు ఇచ్చి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. వీలైతే అభ్యంతరాలు కోరుతూ పత్రికా ప్రకటన ఇప్పించండి. దీనికయ్యే ఖర్చు, ఆస్తి ధరతో పోలిస్తే చాలా చిన్నది.

కాబట్టి మధ్యవర్తి ఈసారి టోకెన్ అడిగినప్పుడు మీరు అడగాల్సింది ఇది: ముందు కాగితాల జిరాక్స్‌లు ఇవ్వండి, పది రోజుల్లో చెబుతాం. సరైన కాగితాలున్నవారికి ఆ పది రోజులు ఇవ్వడంలో ఇబ్బంది ఉండదు. ఇవ్వనంటే, ఆ ఇల్లు ఎంత నచ్చినా ఇంకోటి వెతుక్కోవడమే మేలు.