సెకనుకు నూరు మినుకులు

తెలుగు సినిమా మద్రాసు వదిలి హైదరాబాదు చేరిన కథ ఎవరు చెప్పినా హీరోలతోనో, ఎకరాల లెక్కతోనో మొదలుపెడతారు. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించడం, కృష్ణ సోదరులు పద్మాలయా స్టూడియోస్ కట్టడం, ఆ తర్వాత రామానాయుడు స్టూడియోస్ రావడం, రాళ్లగుట్టల మధ్య ఫిల్మ్‌నగర్ పెరగడం అందరికీ తెలిసినవే. ఆ ఫ్లోర్లలో పైన వేలాడిన లైట్ల కథకు మాత్రం అంత గిరాకీ లేదు. కృష్ణానగర్ ఇరుకు గదుల్లోంచి తెల్లవారకముందే షూటింగుకు బయల్దేరే లైట్‌మన్ భౌతికశాస్త్రం చదివి ఉండకపోవచ్చు. కాంతి తరంగం చేసే అల్లరినంతా రోజూ అదుపులో పెట్టేది మాత్రం అతనే.

కాంతి అంటే విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం కలిసి అలలా సాగిపోవడమేనని జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1865లో లెక్క కట్టి చెప్పాడు. 1887లో హెర్ట్జ్ జర్మనీలో అలాంటి అలలనే విద్యుత్ రవ్వలతో పుట్టించి ఆ మాట నిజమని చూపించాడు. ఈ అలల్లో మన కంటికి కనబడేవి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల పొడవున్నవి మాత్రమే. పొడవు మారితే రంగు మారుతుంది. చిక్కల్లా మన కంటితోనే. అది మహా సర్దుబాటుగుణం గలది. ఎండలో చూసినా, ఇంట్లో బల్బు కింద చూసినా తెల్ల చొక్కాను తెల్లగానే చూపిస్తుంది. ఫిల్ముకు ఆ మొహమాటం లేదు. బల్బు కింద పసుపెక్కిన చొక్కాను పసుపుగానే పట్టేస్తుంది. కెమెరా విభాగం చరిత్రలో సగం ఈ తేడాతో పడిన పాట్లే.

నలుపు తెలుపుల రోజుల్లో ఆ బాధ తక్కువ. వెలుగు ఎంత పడిందన్నదే ఫిల్ముకు తెలుసు, ఏ పొడవు అల పడిందో గుర్తుండదు. ఆ పరిమితినే పెట్టుబడిగా మార్చుకున్నవాడు కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే. 1957లో వచ్చిన మాయాబజార్‌లో పడవ పాట చూసిన ప్రేక్షకులు అది నిజం వెన్నెలేననుకున్నారు. నిండు పున్నమి వెలుగు కూడా ఎండలో నాలుగు లక్షలవ వంతే. అప్పటి ఫిల్ముకు అది ఏ మూలకూ చాలదు. కాబట్టి తెరమీది వెన్నెలంతా కెమెరామన్ కల్పనే. అన్నట్టు, వెన్నెల చల్లగా నీలంగా ఉంటుందన్నది కూడా కంటి మాయే. చంద్రుడి నుంచి వచ్చేది తిరగ్గొట్టిన ఎండే, పైగా ఎండకన్నా రవ్వంత ఎరుపు ఎక్కువ. మసక వెలుతురులో పనిచేసే కంటి కణాలకు ఎరుపు ఆనదు, నీలిపచ్చలే బాగా తెలుస్తాయి. అందువల్లే రాత్రి సీను అనగానే సినిమావాళ్లు నీలం లైటు వేస్తారు.

అదే మాయాబజార్‌కు 2010లో హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్దింది. అల పొడవు వివరం నెగెటివ్‌లో ఎక్కడా లేదు, ఎంత వెతికినా దొరకదు. కథానాయిక శశిరేఖ చీరకు ఏ రంగు ఉండాలో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లే తేల్చుకోవాలి. ఆ రంగుల్ని మెచ్చినవాళ్లున్నారు, బార్ట్‌లే బూడిద ఛాయలే మేలన్నవాళ్లూ ఉన్నారు. రెండో పక్షం వాదనే బలమైనది. బార్ట్‌లే లైటు పెట్టింది రంగును దృష్టిలో పెట్టుకుని కాదు కదా.

పూర్తి రంగుల్లో వచ్చిన తొలి తెలుగు చిత్రం లవకుశ, 1963లో విడుదలైంది. ఆనాటి రంగుల ఫిల్ముకు వెలుతురు విపరీతంగా కావాలి. టంగ్‌స్టన్ లైటు తినే కరెంటులో పదో వంతు కూడా కంటికి కనబడే కాంతి కాదు, మిగతాదంతా పరారుణ తరంగాలై వేడిగా దిగుతుంది. అలాంటివి వరసగా వెలిగే ఫ్లోరులో కిరీటం, నగలు, పట్టుబట్టలతో నిలబడ్డ నటుడి సంగతి ఊహించుకోవలసిందే. మేకప్ మనిషి టచప్ డబ్బా పట్టుకుని షాటుకు షాటుకు మధ్య పరుగెత్తింది ఊరికే కాదు.

రంగులతోపాటే, వెలుగు ఛాయను కొలిచే కెల్విన్ లెక్క వచ్చింది. టంగ్‌స్టన్ లైటు 3200 కెల్విన్, పగటి వెలుగు సుమారు 5600. టంగ్‌స్టన్‌కు తగిన ఫిల్ముతో ఔట్‌డోర్ తీయాలంటే లెన్సుకు నారింజ ఛాయ 85 నంబరు ఫిల్టరు తగిలించాలి. లేకపోతే జూబ్లీహిల్స్ గుట్టలన్నీ నీలంగా దిగుతాయి. గదిలో కిటికీలోంచి ఎండ పడుతుంటే లోపలి లైట్లకు నీలం జెలటిన్ కాగితం చుట్టాలి.

అసలు తలనొప్పి హెచ్‌ఎంఐ లైట్లతో మొదలైంది. 1960ల చివర జర్మనీలో ఓస్రామ్ సంస్థ రూపొందించిన ఈ దీపంలో ఫిలమెంట్ ఉండదు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పాదరసపు ఆవిరిలో మెరుపు రగులుతుంటుంది. అదే కరెంటుకు టంగ్‌స్టన్‌కన్నా మూడు నాలుగు రెట్లు వెలుతురు, అదీ పగటి రంగులో. సంతోషించేలోపే ఇంకో చిక్కు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కో ఊపులో దీపం రెండుసార్లు వెలిగి తగ్గుతుంది. అంటే సెకనుకు 100 మినుకులు. టంగ్‌స్టన్ తీగ చల్లారడానికి వ్యవధి ఉండదు కాబట్టి అందులో ఇది బయటపడలేదు. హెచ్‌ఎంఐలో బయటపడింది. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది.

సినిమా కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, దీపం 120 సార్లు మినుకుతుంది, ఫ్రేముకు సరిగ్గా ఐదు. ఇక్కడ వందను 24తో భాగిస్తే నాలుగు పోగా ఇంకాస్త మిగులుతుంది. ఆ మిగిలినదే కొంప ముంచుతుంది. ఒక ఫ్రేముకు వెలుగు కాస్త ఎక్కువ, ఇంకోదానికి తక్కువ పడి, తెరమీద దృశ్యం సెకనుకు నాలుగుసార్లు ఊపిరి పీల్చి వదిలినట్టు హెచ్చుతగ్గులవుతుంది. నెగెటివ్ ల్యాబుకు వెళ్లి, రషెస్ వేసి చూసేదాకా ఈ సంగతి తెలిసేది కాదు. అప్పటికి సెట్టు విప్పేసి ఉండొచ్చు, హీరో డేట్లు అయిపోయి ఉండొచ్చు.

దీనికి విరుగుడు కెమెరా షట్టర్‌లో దొరికింది. మామూలుగా 180 డిగ్రీలు తెరుచుకునే షట్టర్‌ను 172.8 డిగ్రీలకు సర్దితే ఒక్కో ఫ్రేముకు సరిగ్గా సెకనులో యాభయ్యో వంతు వెలుగు పడుతుంది. అంటే కచ్చితంగా రెండు మినుకులు, ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఔట్‌డోర్‌లో అది కూడా చాలదు. జనరేటర్ వేగం తప్పితే లెక్కంతా తలకిందులే. హెర్ట్జ్ పేరున్న మీటరు మీద ఎవరో ఒకరు కన్నేసి ఉండాల్సిందే. తర్వాత దీపానికి కరెంటును అదుపుచేసి అందించే ఎలక్ట్రానిక్ బ్యాలస్టులు వచ్చి ఈ బెడద తగ్గించాయి. ట్యూబ్‌లైటు కింద ఫోనుతో వీడియో తీస్తే తెరమీద పాకే నల్లచారలు ఈ జబ్బు తాలూకు చుట్టాలే.

లెన్సుల వైపు కథ చిన్నది. 1974లో కృష్ణ సోదరుల పద్మాలయా నిర్మించిన అల్లూరి సీతారామరాజు తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా. అనామార్ఫిక్ లెన్సు కాంతిని అడ్డంగా మాత్రమే వంచి మన్యం దృశ్యాల వెడల్పును సగానికి నొక్కేస్తే, థియేటర్ ప్రొజెక్టర్‌లోని లెన్సు మళ్లీ సాగదీసింది. 1986లో పద్మాలయా నుంచే తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రం సింహాసనం వచ్చింది.

ఇప్పుడు అన్నపూర్ణలో ఎల్‌ఈడీ గోడే సెట్టు. క్యూబ్ సంస్థతో కలిసి 2022లో పెట్టిన వర్చువల్ ప్రొడక్షన్ స్టేజీలో కొండలు, కోటలు వంపు తిరిగిన తెరమీద వెలుగుతాయి, నటులు దాని ముందు నిలబడతారు. మినుకుల గొడవ ఇక్కడా వదల్లేదు. గోడ రిఫ్రెష్ అయ్యే వేళ, కెమెరా ఫ్రేము తెరిచే వేళ ఒకటయ్యేలా రెంటినీ ఒకే సంకేతానికి కట్టాలి. కెమెరా ఫోకస్ సరిగ్గా గోడ మీద పడితే ఎల్‌ఈడీ చుక్కల వరసలూ సెన్సర్ గళ్లూ ఒకదానిమీదొకటి పడి లేని చారలు పుట్టిస్తాయి, వాటిని మాయిరే అంటారు. రంగులదీ అదే తంతు. ఎండలో అన్ని పొడవుల అలలూ ఉంటాయి. గోడలో మాత్రం ఎరుపు, పచ్చ, నీలం మూడు చోట్లే శిఖరాలు, మధ్యలో లోయలు. మనిషి చర్మపు ఛాయకు కీలకమైన పసుపు, నారింజ అలలు ఆ లోయల్లోనే పోతాయి. అందుకే అంత వెలుతురు గోడ ఎదురుగా ఉన్నా, లైట్‌మన్ స్టాండు మోసుకొచ్చి నటుడి ముఖానికి విడిగా ఒక దీపం పెడుతున్నాడు.