అంతియొకయలో శ్రమల దినాలు

శ్రమల దినాలు సగానికొచ్చేసరికి మా గుంటూరు వైపు చర్చిల్లో పెద్దవాళ్లు అడిగే మాట ఒకటుంది: "ఎన్నాళ్లున్నావమ్మా ఉపవాసం?" క్రీ.శ. 387లో అంతియొకయలోనూ ఇదే అడిగేవారు. రెండు వారాలని ఒకరు, మూడని ఇంకొకరు, మొత్తం ఉన్నామని మరొకరు.

ఆ ఏడు ఊరు చావుభయంలో ఉంది. థియోడోసియస్ చక్రవర్తి వేసిన కొత్త పన్నుకు జనం తిరగబడి ఆయన విగ్రహాల్నీ, చనిపోయిన రాణి ఫ్లాసిల్లా విగ్రహాన్నీ పడగొట్టి వీధుల్లో ఈడ్చారు. రాజు మీద చెయ్యి చేసుకోవడంతో సమానమైన నేరమది. అధికారులు పట్టుకున్నవాళ్లను చంపించారు. చాలామంది ఊరొదిలి పారిపోయారు. ముసలి బిషప్పు ఫ్లావియన్, చావుబతుకుల్లో ఉన్న తోబుట్టువును విడిచి, క్షమాపణ అడగడానికి కాన్‌స్టాంటినోపుల్ బయల్దేరాడు. ఊళ్లో జనానికి ధైర్యం చెప్పే పని యోహాను అనే గురువు మీద పడింది. క్రిసోస్తొం అని లోకమెరిగింది ఈయన్నే.

అంత భయంలో ఉన్నవాళ్లను ఇంకా కడుపు మాడ్చుకోమనడం తేలిక. ఆయన అడిగింది వేరు. ఉపవాసం ఉంటే పనుల్లో చూపించమన్నాడు. కళ్లు, చెవులు, చేతులు కూడా ఉపవాసం ఉండాలన్నాడు. మాంసం మానేసి చాడీలు చెప్పేవాడు తోటివాడినే కొరికి తింటున్నాడన్నాడు. సగం రోజులు గడిచాయని సంతోషపడేవాళ్లను, సగం పాపాలు పోయాయా అని నిలదీశాడు.

ఆయన పెట్టిన నియమాలు మూడే: ఎవరి గురించీ చెడ్డగా మాట్లాడొద్దు, ఎవరితోనూ పగ ఉంచుకోవద్దు, ఒట్లు మానేయాలి. ఒట్ల మాట పదేపదే ఎత్తాడు. భోజనాల దగ్గర పనిమనిషిని కొట్టిస్తానని భార్య ఒట్టేస్తుంది, కొట్టనివ్వనని భర్త ఒట్టేస్తాడు. ఎవరో ఒకరు దేవుని ఎదుట అబద్ధికులవుతారు. ఉపవాసాన్ని ఇంత దగ్గరగా, వంటింటి దాకా తెచ్చిన ప్రసంగాలు నేను ఇంకెక్కడా చదవలేదు.

భోంచేశామన్న సిగ్గుతో గుడికి రానివాళ్లనూ ఆయన పిలిచాడు. ఇప్పుడు మా వైపు చర్చిల్లో షుగర్ మాత్రలు వేసుకునే పెద్దమ్మలు, మిరప కోతల నుంచి నేరుగా కూటానికొచ్చే ఆడవాళ్లు తమకు ఉపవాసంలో వంతు లేదనుకుని వెనక వరసలో కూర్చుంటారు. వాళ్లకు ఆయన పిలుపు సంగతి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ.

ఈస్టరు నాటికి ఫ్లావియన్ క్షమాపణతో తిరిగొచ్చాడు. పగ విడవమని యోహాను ఇక్కడ ఊరిని అడిగిన ఆ రోజుల్లోనే, అక్కడ ఆ ముసలాయన చక్రవర్తిని అడిగిందీ అదే.