ఆవిరి యంత్రమునకు జల్లెడ



1884లో పార్సన్సు పండితుడు నిర్మించిన ఆవిరి టర్బైను, 1960వ దశకమున మన చందానగరునకు చేరువనున్న రామచంద్రాపురపు భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారమునకు వచ్చెను. విద్యుత్కేంద్రములందు దీని చక్రము సాధారణముగా నిమిషమునకు 3000 మారులు తిరుగును. గొట్టములో మిగిలిన అతుకుబొట్టొకటి తగిలినను రెక్కలు చెడును. కావున ఆవిరి ప్రవేశించుచోట జల్లెడ నుంతురు.

కన్నములు ఎంత సన్ననివైన నంత మేలని తోచును గదా! అది పొరపాటు. నేత మరీ దట్టమైన గుడ్డలో పానకము వడకట్టినవా రెఱుగుదురు. మలినము క్రమ్మినకొలది దారి మూసికొని పీడనము తగ్గును. నీటి పంపునకైనచో నీరు చాలక బుడగలు పుట్టి, అవి పగులుచు చక్రమును తినివేయును. అందుచే కన్నముల మొత్తపు వైశాల్యము గొట్టపు వైశాల్యమునకు పలురెట్లుండవలెను.

క్రొత్త గొట్టములకు మొదట సన్ననివల వేసి, అవి శుభ్రపడిన పిమ్మట దానిని తీసి ముతక జల్లెడను మాత్రమే నిలుపుదురు. తీయుట మఱచినచో ఆ వలయే తెగి రెక్కలపై పడవచ్చును.