నవలలో రుద్రమ, శాసనంలో రుద్రమ: చరిత్రను ఎలా చదువుకోవాలి?

చారిత్రక నవలలు చదివి చరిత్ర తెలుసుకోవచ్చా? న్యూజిలాండ్‌లో మన తెలుగువాళ్లు నలుగురు కలిసిన చోట, ముఖ్యంగా 2015లో గుణశేఖర్ గారి ‘రుద్రమదేవి’ సినిమా వచ్చాక, ఈ ప్రశ్న చాలాసార్లు విన్నాను. ఇక్కడ పెరిగిన పిల్లలైతే ఇంకా సూటిగా అడుగుతారు: “నాన్నా, ఇదంతా నిజంగా జరిగిందా?” అవునంటే అబద్ధం, కాదంటే అన్యాయం. నేను చరిత్రకారుణ్ణి కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. అయినా కొన్నేళ్లుగా నవలనీ, చరిత్ర పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవడం అలవాటు చేసుకున్నాను. నాకు పనికొచ్చిన పద్ధతి మీలో కొందరికైనా పనికొస్తుందని ఈ వ్యాసం.

మూడు రకాల ఆధారాలు

మన వృత్తి భాషలో చెప్పాలంటే శాసనం లాగ్ ఫైల్ లాంటిది. జరిగిన రోజుల్లోనే, తేదీతో సహా నమోదవుతుంది. కానీ రాయించినవాడికి అవసరమైనంత వరకే చెబుతుంది. తరువాతి కాలంలో రాసిన చరిత్రలు, యాత్రికుల కథనాలు రెండో రకం. వీటిలో వివరాలు ఎక్కువ, పొరపాట్లూ ఎక్కువే. నవల మూడో రకం. ఆధారాలు మౌనంగా ఉన్నచోట రచయిత ఊహతో పూరిస్తాడు. ఏది ఏ రకమో తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్లే.

రుద్రమ ఎవరు?

వెనీసు యాత్రికుడు మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని గురించి రాస్తూ, భర్త చనిపోయాక నలభై ఏళ్లుగా ఒక రాణి న్యాయంగా పాలిస్తోందన్నాడు. చాలా కాలం తరువాత తెలుగులో వచ్చిన ‘ప్రతాపరుద్ర చరిత్రము’ కూడా ఆమెను గణపతిదేవుడి భార్యగానే చెప్పింది. రెండూ పొరపాటే. ఆమె గణపతిదేవుడి కూతురని శాసనాల వల్ల తేలింది. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వంశానికి చెందిన వీరభద్రుడు. అనేక శాసనాలు ఆమెను పురుషనామంతో ‘రుద్రదేవ మహారాజు’ అంటాయి. నవలల్లో, సినిమాలో కనిపించే మగవేషం కథకు మూలం ఇక్కడ ఉంది. అయితే శాసనం చెప్పేది పేరు వరకే. వేషం, రహస్యం, అంతఃపుర నాటకం కథకుల సొమ్ము.

ఆమె మరణం సంగతీ అంతే. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నవంబరు నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరిన సందర్భంగా, వారి పుణ్యం కోసం ఇచ్చిన దానం అది. ఎలా చనిపోయారో అందులో లేదు. తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో ఇద్దరూ మరణించి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. బలమైన ఊహే, కానీ ఊహే. పిల్లలకు చెప్పేటప్పుడు “శాసనంలో ఉంది”, “పండితులు అనుకుంటున్నారు” అని విడివిడిగా చెప్పవచ్చు.

గోన గన్నారెడ్డి మాటేమిటి?

అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ చదివినవారెవరూ ఆ గజదొంగను మరచిపోలేరు. శాసనాల్లో కనిపించే గన్నారెడ్డి మాత్రం వర్ధమానపురం ప్రాంతాన్ని ఏలిన సామంతుడు. రాయచూరు కోటలో 1294 నాటి శాసనం ఉంది. గన్నారెడ్డి కింద పనిచేసిన విఠలుడు ఆ కోట కట్టించాడని అది చెబుతుంది. అప్పటికి రుద్రమ లేదు. ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు పాలిస్తున్నాడు. అంటే మనిషి నిజం, గజదొంగతనం కల్పన. అలాగని నవల వృథా కాదు. ఆ నవల లేకపోతే రాయచూరు శాసనం గురించి నేను వెతికేవాణ్ణే కాదు.

ఇందులో మనకేమిటి పేచీ అంటారా? “కాకతీయులు మావాళ్లే” అనే కులాల వాదులాట సముద్రాలు దాటి ఇక్కడికీ వచ్చింది. కాకతీయ శాసనాల్లో చాలావాటిలో వర్ణం ప్రస్తావనే లేదు. ఉన్నవాటిలో ఎక్కువ భాగం చతుర్థ కులం అంటాయి. కొన్ని మాత్రం సూర్యవంశంతో ముడిపెడతాయి. ఈ ఒక్క సంగతి తెలిసినా సగం వాదులాటలు ఆగిపోతాయి.

మనమున్న దేశంలో

ఇదే పద్ధతి ఇక్కడి చరిత్రకూ పనికొస్తుంది. 2013లో బుకర్ బహుమతి పొందిన ఎలియనోర్ కాటన్ నవల ‘ద ల్యూమినరీస్’ 1866 నాటి హోకిటికా బంగారు గనుల కథ. అది చదువుతూ జాతీయ గ్రంథాలయం వారి ‘పేపర్స్ పాస్ట్’ వెబ్‌సైటులో ఆనాటి ‘వెస్ట్ కోస్ట్ టైమ్స్’ తిరగేయండి. ఓడ ప్రమాదాలు, బంగారం ధరలు, ప్రకటనలు అన్నీ ఉచితంగా దొరుకుతాయి.

అసలు పత్రం దొరికినంత మాత్రాన తగవు తీరదనడానికి 1840 ఫిబ్రవరి 6 నాటి వైతాంగి ఒప్పందమే సాక్ష్యం. ఇంగ్లీషు ప్రతిలో మావోరీలు సార్వభౌమాధికారాన్ని వదులుకున్నట్లుంది. మావోరీ ప్రతిలో ‘కావనతంగ’, అంటే పరిపాలన అనే మాట ఉంది. సంతకం చేసిన నాయకుల్లో అత్యధికులు మావోరీ ప్రతి మీదే చేశారు. ఆ తేడా మీద చర్చ నేటికీ సాగుతోంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

• నవలలు: బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’, ‘హిమబిందు’, నోరి నరసింహశాస్త్రి గారి ‘రుద్రమదేవి’, విశ్వనాథ వారి ‘ఏకవీర’.

• చరిత్ర: కాకతీయుల మీద పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి గ్రంథం. సామాన్యుల తిండి, బట్ట, ఆటపాటల కోసం సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949). 1955లో తెలుగుకు వచ్చిన మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దీనికే.

• పాత తెలుగు పుస్తకాలు అనేకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ రూపంలో ఉన్నాయి. ఊరినుంచి మోసుకురావలసిన పని లేదు.

చివరగా ఒక మాట. ఆక్లాండ్‌లో ఫిజీ నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలున్నాయి. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిర్మిట్ కూలీలుగా వెళ్లినవారి వారసులు వీరు. 1987 సైనిక తిరుగుబాటు తరువాత ఫిజీ భారతీయులు చాలామంది ఇటు వచ్చారు. నాటి వలస పాసుల్లో కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. ఎందుకు ఊరు విడిచారో, ఓడలో ఏం తిన్నారో, ఏ పాట పాడుకున్నారో ఉండదు. అది తాతలు, అమ్మమ్మలు చెబితేనే తెలుస్తుంది. వచ్చే ఉగాదికి అలాంటి పెద్దవారు కలిస్తే కాసేపు కూర్చోబెట్టి అడగండి. ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ, చెప్పినవారి పేరు, వారి ఊరి పేరు కూడా రాసిపెట్టండి. రేపు ఎవరైనా నవల రాసినా, చరిత్ర రాసినా ఆ రికార్డు పనికొస్తుంది.