తెలుగు వెబ్‌సైట్లలో చదువరి సౌలభ్యం

వెబ్‌సైటు తెరిచినవారికి కావలసింది తడుముకోకుండా దొరకాలి, దొరికింది ఒక్కసారి చదివితే అర్థం కావాలి. దీన్నే చదువరి సౌలభ్యం అంటారు. తెలుగులో ఈ చరిత్ర అంతకంటే ముందరి మెట్టు దగ్గర మొదలైంది. ముందు అక్షరం తెరమీదికి రావాలి.

బొబ్బిలి అన్న ఊరిపేరు కంటికి మూడక్షరాలే. కంప్యూటర్లు వాడే యూనికోడ్ సంకేతపద్ధతిలో అది ఎనిమిది సంకేతాలు: బ, ఒత్వం, బ, పొల్లు, బ, గుడి, ల, గుడి. వీటిని కలిపి బ వత్తును కిందికి దింపాల్సింది సాఫ్ట్‌వేరు. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కినా, మామూలు కంప్యూటర్లకు ఆ నేర్పు 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితోపాటు గౌతమి ఫాంటు వచ్చాకే అబ్బింది. అప్పుడు కూడా సెట్టింగుల్లోకి వెళ్లి ప్రత్యేకంగా ఎంచుకోవలసి వచ్చేది.

ఈలోగా ఈనాడు, వార్త వంటి పత్రికలు సొంత ఫాంట్లతో వెబ్‌లోకి వచ్చేశాయి. ఆ పేజీల్లో బొబ్బిలి కంటికి కనబడేది గాని, వెతికితే దొరికేది కాదు. యంత్రం లెక్కలో అక్కడున్నవి రోమన్ అక్షరాలు, గుర్తులు మాత్రమే. ఈ చిక్కు విప్పినవారిలో జీతం ఆశించని ఔత్సాహికులే ముందున్నారు. వెన్న నాగార్జున తయారుచేసిన ‘పద్మ’ ఆ పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చింది. 2006లో వీవెన్ అందించిన ‘లేఖిని’ ఇంగ్లిష్ కీబోర్డుతోనే తెలుగు రాయనిచ్చింది. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియా పెరగడానికి ఇలాంటి పనిముట్లు ఎంతో తోడ్పడ్డాయి.

తెరమీద జనం వాక్యం వెంట వాక్యం చదవరని, పైపైన చూపు పరిగెత్తిస్తారని వెబ్ సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్ 1997లో చెప్పాడు. ఆయన పరీక్షించినవారిలో 79 శాతం మంది అలాగే చేశారు. చిన్న పేరాలు, సూటి శీర్షికలు, ముఖ్య విషయం ముందే చెప్పడం అన్న సలహాలు తెలుగుకూ పనికొస్తాయి. కాని తెలుగు లిపి అడిగేవి వేరే ఉన్నాయి. వత్తులు కింద వేలాడతాయి, గుడులు పైన నిలుస్తాయి. ఇంగ్లిష్‌కు సరిపోయిన వరుసల ఎడం ఇక్కడ ఇరుకు. సమాసాలు, ప్రత్యయాలు చేరి మాటలు పొడవవుతాయి కనుక ఫోను తెరమీద రెండువైపులా అంచులు సమం చేస్తే మాటల మధ్య గుంటలు పడతాయి. ఎడమ అంచు ఒక్కటే సమంగా ఉంచడం మేలు.

భాష సంగతికొస్తే, వాడుక తెలుగులో రాయాలన్న వాదం బొబ్బిలి ఉన్న ఉత్తరాంధ్రకు కొత్త కాదు. విజయనగరానికి చెందిన గురజాడ అప్పారావు 1897లో ‘కన్యాశుల్కం’ను జనం మాట్లాడే తెలుగులో అచ్చువేయించారు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, బడిపుస్తకాలు వాడుక భాషలో ఉండాలని జీవితమంతా పోరాడారు. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన ఉచిత యూనికోడ్ ఫాంట్లలో రెండింటికి వీరి పేర్లే పెట్టారు. అయినా, ‘నివాస ధ్రువీకరణ పత్రమును జతపరచవలెను’ అనే తీరు ఫారాల్లోంచి తెరమీదికీ పాకింది. ‘మీరు ఏ ఊళ్లో ఉంటున్నారో చూపే పత్రం జత చేయండి’ అంటే బొబ్బిలి రైతు ఇంకొకరిని అడగాల్సిన పని ఉండదు.

భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో వచ్చాయి. తరవాత ప్రభుత్వ సేవలు వెబ్‌సైట్లు దాటి ఫోను సందేశాల్లోకీ వచ్చాయి: ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌లో ‘మన మిత్ర’ను మొదలుపెట్టింది. అక్కడ అలంకరణకు చోటు తక్కువ. మెనూలో పెట్టిన పేరు, అడిగిన ప్రశ్న తేటగా ఉంటేనే పని ముందుకు సాగుతుంది.